28 మూలల ఊరు

2024 నవంబరులో అమెరికా ప్రెసిడెంటు ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజుల్లో మేము ఒక పేటలో మీటింగుకి పోయాం. మీటింగు మొదలుకాకముందు ఒకరింట్లో టీవీ నడుస్తోంది. అమెరికా పటం చూపిస్తున్నారు. ట్రంప్ గెలిచిన రాష్ట్రానికి ఎరుపు, కమలా హ్యారిస్ గెలిచిన రాష్ట్రానికి నీలం. (అక్కడ ఎరుపంటే మన ఎరుపు కాదు, రిపబ్లికన్ పార్టీ రంగు.) దక్షిణాన ఉన్న అలబామా రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రగా ఉంది. ఇంటర్ చదివే పిల్లవాడొకడు అడిగాడు: “అన్నా, మార్టిన్ లూథర్ కింగ్ నడిచింది ఆ రాష్ట్రంలోనే గదా. మరక్కడ నల్లోళ్ళు లేరా? ఉంటే అందరూ ట్రంప్‌కే ఏశారా?”

ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. తిరిగొచ్చాక చదివాం, లెక్కలు తీశాం. ఆ పిల్లవాడికి బాకీపడిన జవాబు ఇది. ఇందులో మన పేటలకి పనికొచ్చేది ఉందనిపించే సంపాదకీయం చోటులో వేస్తున్నాం.

నల్లవాళ్ళు లేకేం. అలబామా జనాభాలో నూటికి 27 మంది వాళ్ళే. వాళ్ళలో చాలా ఎక్కువ మంది ప్రతిసారీ డెమొక్రాట్లకే వేస్తున్నారు. 2024లో రాష్ట్రం మొత్తం మీద ట్రంప్‌కి నూటికి దాదాపు 65 ఓట్లు వస్తే హ్యారిస్‌కి 34 వచ్చాయి. అంటే మూడో వంతు మనుషులు నీలానికి వేశారు. పటంలో వాళ్ళ జాడ లేదు. ఎందుకంటే అమెరికాలో ప్రెసిడెంటుని జనం నేరుగా ఎన్నుకోరు. ఒక్కో రాష్ట్రానికి ఇన్ని ఎలక్టోరల్ ఓట్లని లెక్క ఉంటుంది. అలబామాకి 9. రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సరే, 9కి 9 గెలిచినవాడి సంచిలోనే పడతాయి. 50 రాష్ట్రాల్లో 48 రాష్ట్రాల పద్ధతి ఇదే. ఓడిన మూడో వంతు ఓట్లు పెట్టెలోనే చచ్చిపోతాయి.

రాష్ట్రం లెక్క పక్కన పెట్టి నియోజకవర్గాల లెక్క తీస్తే ఇంకో బొమ్మ కనపడుతుంది. అలబామా నుంచి అమెరికా కాంగ్రెసు దిగువ సభకి ఏడుగురు సభ్యులు పోతారు. కాంగ్రెసంటే ఇక్కడ పార్టీ కాదు, వాళ్ళ పార్లమెంటు. ఆ ఏడు నియోజకవర్గాల్లో ప్రెసిడెంటు ఓటు ఎట్లా పడిందో 2020 లెక్క చూడండి. ఆరింటిలో ట్రంప్‌కి నూటికి 60 దాటింది. ఉత్తరాన కొండల్లో ఉన్న నాలుగో నియోజకవర్గంలోనైతే 80 దాకా పోయింది. ఏడోదాంట్లో తిరగబడింది: అక్కడ బైడెన్‌కి నూటికి 70 దాకా వచ్చాయి. ఒకే రాష్ట్రం, ఒకే రోజు, ఒకే ఇద్దరు మనుషుల మధ్య పోటీ. ఒక గీతకి ఇవతల ఒక దేశం, అవతల ఇంకో దేశం అన్నట్టు ఉంది.

ఇది చూసి పేపర్లవాళ్ళు ‘అక్కడి జనం మనస్తత్వం వేరు, ఇక్కడి జనం మనస్తత్వం వేరు’ అని రాసేస్తారు. మన దగ్గర కూడా ‘ఎస్సీ కాలనీ ఓటు గంపగుత్త’ అని రాసేవాళ్ళు వీళ్ళ చుట్టాలే. మనస్తత్వం దగ్గర ఆగిపోతే అసలు సంగతి దొరకదు. ముందు నేల చూడాలి, తర్వాత గీత చూడాలి.

నేల సంగతి. అలబామా నడుముకి మొలతాడు కట్టినట్టు తూర్పు నుంచి పడమరకి నల్లరేగడి పట్టీ ఒకటి పోతుంది. బ్లాక్ బెల్ట్ అంటారు. మొదట నేల రంగుని బట్టి వచ్చిన పేరు, తర్వాత ఆ నేల మీద పనిచేసిన మనుషుల రంగుకీ అతుక్కుపోయింది. నల్లరేగడిలో ఏం పండుతుందో గుంటూరు, ప్రకాశం చేలల్లో పత్తి తీసిన మన ఆడోళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మంచి నేలంతా తెల్లదొరలు ఆక్రమించి, నల్లమనుషుల్ని కొనుక్కొచ్చి పత్తి వేయించారు. అందుకే ఆ పట్టీ పొడుగునా నల్లవాళ్ళే ఎక్కువ. ఉత్తరాన రాళ్ళ కొండల్లో పత్తి తోటలు లేవు, బానిసలూ తక్కువ. 1861లో అలబామా దొరలు బానిసత్వం నిలబెట్టుకోడానికి దేశం నుంచి విడిపోతామన్నప్పుడు ఆ కొండల్లోని విన్‌స్టన్ కౌంటీ ప్రతినిధి సంతకం పెట్టనన్నాడు. (కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే, బాగా చిన్నది.) దొరల యుద్ధానికి మేమెందుకు చావాలన్న పేద తెల్లవాళ్ళ నేల అది. ఈ రోజు ట్రంప్‌కి 80 పడే నాలుగో నియోజకవర్గంలో ఉంది ఆ కౌంటీయే. పేద తెల్లవాడు తన పక్కన ఉన్న పేద నల్లవాడి కంటే తన రంగున్న దొరనే దగ్గరవాడనుకునేట్టు చెయ్యడానికి అక్కడ నూరేళ్ళకి పైగా కష్టపడ్డారు. మన ఊళ్ళల్లో కూలికి పోయే పై కులపాయన మనతో కూర్చుని టీ తాగడం లేదు గదా. ఆ కష్టం ఎంత బాగా ఫలిస్తుందో మనకి తెలుసు.

ఇప్పుడు గీత సంగతి. దీనికి టస్కిగీ ఊరి కథ చెప్పుకోవాలి.

టస్కిగీ బ్లాక్ బెల్ట్‌లో మేకన్ కౌంటీలో ఉంది. బుకర్ టి. వాషింగ్టన్ నల్ల పిల్లల కోసం 1881లో బడి పెట్టిన ఊరు. వేరుశనగ మీద పరిశోధన చేసిన కార్వర్ పనిచేసింది అక్కడే. బడి ఉండబట్టి ఆ ఊళ్ళో చదువుకున్న నల్లవాళ్ళు, టీచర్లు, ఆసుపత్రి ఉద్యోగులు ఎక్కువ. ఓటు దగ్గరికి రాకుండా ఆపడం కష్టమయింది. అంతకుముందు ఆపడం సులువుగానే జరిగింది. 1901లో అలబామా తెల్లవాళ్ళు కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. తెల్లవాడి పెత్తనం చట్టప్రకారం నిలబెట్టడమే మా ఉద్దేశమని ఆ సభ అధ్యక్షుడు దాచుకోకుండా చెప్పాడు. ఓటుకి పన్ను పెట్టారు, చదువు పరీక్ష పెట్టారు. ఓటు వయసున్న నల్ల మగవాళ్ళు లక్షా ఎనభై వేలకి పైగా ఉంటే, 1903 నాటికి జాబితాలో మిగిలింది మూడు వేల లోపే. ఆ పరీక్షలన్నీ దాటి టస్కిగీ పట్టణంలో 400 మంది నల్లవాళ్ళు ఓటర్లయ్యారు. ఇంకొన్నాళ్ళు పోతే ఊరి పాలన వాళ్ళ చేతికొస్తుంది. అప్పుడేం చేశారు? ఓటు తీసెయ్యలేదు. ఊరినే తీసేశారు.

1957లో అలబామా శాసనసభ టస్కిగీ పట్టణం హద్దులు మార్చింది. అప్పటిదాకా చదరంగా ఉన్న ఊరు 28 మూలల ఊరయింది. గీత ఇంటి చుట్టూ తిరిగి, సందు చివరికి పోయి, మళ్ళీ వెనక్కొచ్చి, ఇంకో ఇంటి చుట్టూ తిరిగింది. గీత తిరిగి తిరిగి ఆగేసరికి 400 మంది నల్ల ఓటర్లలో నలుగురో ఐదుగురో తప్ప అందరూ ఊరి బయట తేలారు. తెల్ల ఓటరు ఒక్కడూ బయటికి పోలేదు. ఎవరి ఇల్లూ కదల్లేదు, ఎవరి గుమ్మమూ మారలేదు. పొద్దున లేచేసరికి వాళ్ళు ఆ ఊరివాళ్ళు కారు, అంతే.

టస్కిగీ నల్లవాళ్ళు ఏం చేశారో మన సంఘాల వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. తెల్లవాళ్ళ దుకాణాల్లో సరుకు కొనడం మానేశారు. మన మీద సాంఘిక బహిష్కరణ పెడతారు గదా, అక్కడ వీళ్ళే దుకాణాల మీద పెట్టారు. గొమిలియన్ అనే పంతులుగారు ముందుండి కోర్టుకి పోయారు. 1960లో సుప్రీంకోర్టు ఆ 28 మూలల గీత చెల్లదంది.

అప్పటికీ పక్క కౌంటీల్లో ఓటే లేదు. లౌండ్స్ కౌంటీలో జనాభాలో ఐదింట నాలుగు వంతులు నల్లవాళ్ళయినా 1965 మొదట్లో ఒక్కరి పేరూ జాబితాలో లేదు. 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద ఊరేగింపుని పోలీసులు గుర్రాలతో తొక్కించారు. ఆ నెలలోనే సెల్మా నుంచి మాంట్‌గోమరీకి నడిచిన 54 మైళ్ళలో మధ్య దారి లౌండ్స్ మీదుగానే పోతుంది. పేరు రాయించుకున్న కౌలుదార్లని దొరలు ఇళ్ళల్లోంచి గెంటేస్తే వాళ్ళు రోడ్డు పక్కన గుడారాలేసుకుని ఉన్నారు. సొంత పార్టీ పెట్టుకున్నారు. చదువురాని ఓటర్లుంటారని అలబామాలో పార్టీకొక బొమ్మ ఉండాలి, మన ఎన్నికల గుర్తుల్లాగే. తెల్లవాళ్ళ పార్టీ గుర్తు తెల్ల కోడిపుంజు. వీళ్ళు నల్ల చిరుతపులిని పెట్టుకున్నారు. ఆ చిరుతపులే 1966లో కాలిఫోర్నియాకి పోయి బ్లాక్ పాంథర్ పార్టీ అయింది. 1972లో బొంబాయి చేరి దళిత్ పాంథర్స్ అయింది. మన గోడల మీద మన వాళ్ళు గీసిన పులి లౌండ్స్ కౌంటీ కౌలుదార్ల పులి. అందుకని ఇది పరాయి దేశం గొడవ అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. 1946లో బాబాసాహెబ్ కూడా నల్లజాతి నాయకుడు డుబోయిస్‌కి ఉత్తరం రాసి, మీవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు కావాలని అడిగారు.

1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద సంతకం పడింది. ఆగస్టు 6 అంటే మనకి 1991 చుండూరు. ఆ తేదీ అట్లా కలిసింది.

చట్టం వచ్చాక పేర్లు ఎక్కాయి. పేర్లు ఎక్కాక మళ్ళీ టస్కిగీ విద్య బయటికి తీశారు. ఈసారి ఊరి గీత కాదు, నియోజకవర్గాల గీత. ఈ విద్యలో రెండు పట్లున్నాయి. ఒకటి, వీలైనంత మందిని ఒకే సంచిలో కుక్కడం. రెండు, మిగిలినవాళ్ళని తలా కాస్త పంచి ఎక్కడా లెక్కకి రాకుండా చిల్లర చెయ్యడం. 1992లో కోర్టు ఆర్డరుతో ఏడో నియోజకవర్గం నల్ల మెజారిటీ సీటయింది. బానిసత్వం పోయిన తర్వాతి కాలంలో నెగ్గినవాళ్ళ తర్వాత అలబామా నుంచి మళ్ళీ ఒక నల్లవాడు కాంగ్రెసుకి పోవడం అదే. అది గెలుపే, కాదనం. కానీ పడమటి బ్లాక్ బెల్ట్‌ని, దానికి తోడు బర్మింగ్‌హామ్ నగరంలోని నల్ల పేటల్ని వేలు చాపి కలిపి ఆ ఒక్క సీట్లో కుక్కారు. తూర్పు బ్లాక్ బెల్ట్‌ని ఒకటి, రెండు, మూడు నియోజకవర్గాలకి ముక్కలు చేసి పంచారు. నూటికి 27 మంది ఉన్నవాళ్ళకి ఏడింట ఒకటి. మిగిలిన ఆరింటిలో నిలబడేవాడు నల్లవాడి గడప తొక్కక్కర్లేదు. 2020లో ప్రెసిడెంటు ఓటు ఆరు ఎర్రగా, ఒకటి నీలంగా రావడానికి కారణం ఇది. జనం మనసుని గీత అట్లా పోతపోసింది.

టస్కిగీ పడింది మూడో నియోజకవర్గంలో. మేకన్ కౌంటీలో బైడెన్‌కి నూటికి 80 దరిదాపుల్లో పడ్డా, నియోజకవర్గం లెక్కలో ట్రంప్ వెనకాల కనపడకుండా పోయాయి.

నల్లవాళ్ళు మళ్ళీ కోర్టుకి పోయారు. 2022 జనవరిలో ముగ్గురు జడ్జీల కోర్టు ఆ గీతలు తప్పంది. ఎన్నికలు దగ్గరపడ్డాయని సుప్రీంకోర్టు ఆ తీర్పుని ఆపింది, కాబట్టి 2022 ఎన్నిక తప్పుడు గీతల మీదే జరిగిపోయింది. ఇదొక ఆట. తీర్పు వచ్చేలోపు ఒక ఎన్నిక తినెయ్యొచ్చు. 2023 జూన్ 8న సుప్రీంకోర్టు ఐదుగురికి నలుగురు లెక్కన నల్లవాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. ఆ తర్వాత కూడా శాసనసభ సరైన గీత గియ్యలేదు. నల్లవాళ్ళు నూటికి 40 దగ్గర ఆగిపోయే సీటు ఒకటి చేసి ఇదిగో తీసుకోండంది. కోర్టుకి ఓపిక పోయి తాను పెట్టిన మనిషి చేత గీయించింది. కొత్త రెండో నియోజకవర్గం మొబీల్ రేవు నుంచి మాంట్‌గోమరీ మీదుగా జార్జియా సరిహద్దు దాకా పోయింది. టస్కిగీ అందులోకి వచ్చింది.

2024లో ఆ రెండో నియోజకవర్గంలో ప్రెసిడెంటు ఓటు హ్యారిస్‌కి సగం దాటింది. పాత గీతల మీద అదే నంబరు నియోజకవర్గంలో 2020లో ట్రంప్‌కి నూటికి 60 దాటాయి. టస్కిగీ మనుషులు వాళ్ళే, వాళ్ళు వేసిన పార్టీ అదే. వాళ్ళ పక్కన ఎవరిని నిలబెట్టి లెక్కపెట్టారన్నదే మారింది. కాంగ్రెసుకి అలబామా నుంచి ఒకేసారి ఇద్దరు నల్ల సభ్యులు పోవడం అదే మొదటిసారి. దాంతో తగాదా ముగియలేదు. 2025 మేలో అదే కోర్టు, శాసనసభ గీసినది పొరపాటు కాదు, కావాలని చేసిన వివక్ష అని తేల్చింది. రాష్ట్రం పైకోర్టుకి పోయింది. 2025 అక్టోబరులో లూసియానా గీతల కేసులో ఆ 1965 చట్టం మీదే సుప్రీంకోర్టులో వాదనలు నడిచాయి.

ఇక్కడ ఆ పిల్లవాడు ఇంకో ప్రశ్న అడగాలి. రెండు నియోజకవర్గాలు నీలం అయితే 9లో రెండు ఓట్లయినా హ్యారిస్‌కి రావాలి గదా? రాలేదు. 9కి 9 ట్రంప్‌కే. గీత మారితే కాంగ్రెసు సీటు వచ్చింది గానీ, ప్రెసిడెంటు లెక్కలో నల్లవాడి ఓటు ఇంకా పెట్టెలోనే ఉంది.

మెయిన్, నెబ్రాస్కా అనే రెండు రాష్ట్రాల్లో మాత్రం నియోజకవర్గం వారీగా ఎలక్టోరల్ ఓటు ఇస్తారు. నెబ్రాస్కా తెల్ల రైతుల రాష్ట్రం, ఎర్ర రాష్ట్రం. కానీ దాని రెండో నియోజకవర్గం ఒమాహా నగరం. మాల్కం ఎక్స్ 1925లో పుట్టిన ఊరది. ఉత్తర ఒమాహాలో నల్ల పేటలున్నాయి. 2008లో ఒబామా, 2020లో బైడెన్, 2024లో హ్యారిస్ అక్కడొక్క ఓటు గెలుచుకున్నారు. ఆ ఒక్క ఓటు కోసం ప్రెసిడెంటు అభ్యర్థులు ఆ ఊరికి రావాల్సొచ్చింది. అందుకే దాన్ని పీకెయ్యాలని 2024లోనూ, 2025లోనూ ఆ రాష్ట్రంలో ప్రయత్నం చేశారు. సాగలేదు.

అయితే దేశమంతా నెబ్రాస్కా పద్ధతి పెట్టేస్తే సరిపోతుందని కొందరంటారు. మేమూ మొదట అట్లాగే అనుకున్నాం. లెక్క వేస్తే కళ్ళు తెరుచుకున్నాయి. 2012లో ఒబామాకి రామ్నీ కంటే దాదాపు 50 లక్షల ఓట్లు ఎక్కువొచ్చాయి. దేశమంతా నియోజకవర్గాల లెక్క పెట్టి ఉంటే ప్రెసిడెంటయ్యేది రామ్నీ. ఎందుకంటే నియోజకవర్గాల గీతలు చాలా రాష్ట్రాల్లో అతని పార్టీవాళ్ళు గీసినవే. గీత ఎవరు గీస్తారో తేల్చకుండా లెక్క పద్ధతి ఒక్కటి మారిస్తే 28 మూలలు దేశానికంతా వస్తాయి.

ఇదంతా అంకెల ఆట అనుకునేవాళ్ళు లౌండ్స్ కౌంటీకి మళ్ళీ రావాలి. పత్తి పండిన ఆ నల్లరేగడి నీళ్ళు ఇంకనివ్వదు. మన రేగడి కూడా అంతే, వాన పడితే కాలు దిగబడుతుంది. అక్కడ మరుగుదొడ్డి గుంతలు పనిచెయ్యక, మంచి ఏర్పాటు చేసుకోడానికి డబ్బు లేక, ఎన్నో నల్ల కుటుంబాల ఇళ్ళ వెనక మురుగు పైకి తేలి నిలుస్తోంది. పిల్లలు దాని పక్కనే ఆడుకుంటున్నారు. కేంద్ర న్యాయ శాఖ విచారణ చేసి, రాష్ట్ర ఆరోగ్య శాఖతో 2023లో బాగుచేయించే ఒప్పందం రాయించింది. ప్రెసిడెంటు మారాక 2025 ఏప్రిల్లో అదే న్యాయ శాఖ ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. లౌండ్స్ జనంలో ఎక్కువ మంది ఆ ప్రెసిడెంటుకి ఓటు వెయ్యలేదు. వాళ్ళ రాష్ట్రం 9 ఓట్లూ ఆయనకే పోయాయి.

మన సంగతి వేరు. మనకి రిజర్వుడు సీట్లున్నాయి, వాళ్ళకి లేవు. కానీ 1932 పూనా ఒప్పందం తర్వాత మన సీటులో ఎవరు గెలవాలో మనం ఒక్కళ్ళమే తేల్చే హక్కు పోయింది. రిజర్వుడు నియోజకవర్గంలో కూడా ఎక్కువ ఓట్లు మనవి కావు. ఇంక పంచాయతీ వార్డులకి దిగితే టస్కిగీ మన ఊళ్ళోనే కనపడుతుంది. మేము తిరిగిన ఒక ఊళ్ళో పేట ఒకటే, కుళాయి ఒకటే, శ్మశానం ఒకటే, వార్డులు మాత్రం మూడు. గీత రామాలయం వెనక నుంచి బయల్దేరి పేట మధ్య సందులోకి వచ్చి రెండుసార్లు మలుపు తిరిగి కాలవ దగ్గర తేలింది. ఏ వార్డులోనూ మనోళ్ళు సగం లేరు. ఎవరు గీశారయ్యా అంటే ఎప్పటినుంచో అట్లానే ఉందన్నారు. ఓడిపోయిన ప్రతిసారీ ‘మనోళ్ళల్లో ఐకమత్యం లేదు’ అని మనల్ని మనమే తిట్టుకున్నాం. ఐకమత్యం సంగతి తర్వాత, ముందు ఆ సందులో గీత ఎందుకు తిరిగిందో అడగాలి.

అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నిక అయ్యాక రిటర్నింగ్ అధికారి ఫారం 20 తయారుచేస్తారు. అందులో బూతు బూతుకీ ఎవరికెన్ని పడ్డాయో ఉంటుంది. మండల బాధ్యులు దాన్ని సంపాదించండి. ఊరి వార్డుల పటం పంచాయతీ ఆఫీసులో అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. అదీ ఆలస్యమైతే మీరే తెల్ల కాగితం మీద పెన్సిలుతో గీయండి. చెరువు, గుడి, పేట, బడి, బూతు, వార్డు గీత ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టి వచ్చే జిల్లా మీటింగుకి తీసుకురండి. ఆ ఇంటర్ పిల్లవాడు తన ఊరిది ఇప్పటికే పంపాడు.